ఒక పోగు అమ్మది

నా చిన్నప్పుడు కోడుమూరు మొత్తం మీద స్వెట్టరు అల్లడం వచ్చిన మగపిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. ఎనిమిదేళ్ళు నిండకముందే రెండు రంగుల ఊలు కలిపి, వారం తిరక్కుండా నిండు చేతుల స్వెట్టరు అల్లిపారేశాను. అది చూడడానికి పత్తికొండ నుంచి ఆడవాళ్ళు ఎద్దులబండ్లు కట్టుకొని వచ్చారు. ఈ మాట నా మనవళ్ళకు చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను, ఒకసారి మహానందిలో తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డ ఒక పెద్దమనిషికి కూడా చెప్పాను. ఆయన నమ్మాడు.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంత తగ్గించుకోవాలి. బండ్లేవీ రాలేదు. స్వెట్టరు అల్లింది మా పక్కింటి అక్క. నేను అల్లింది అందులో రెండే రెండు వరసలు. వాటిలోనూ ఒక కుట్టు జారిపోయి వేలు దూరేంత చిల్లు పడింది.

అల్లిక వచ్చింది మా అమ్మకు. పుట్టింట్లో ఉన్నప్పుడు ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకుందట. ఈ ఎండలకు స్వెట్టర్లేమిటని మా వీధిలో నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళే కార్తీకం రాగానే తమ పిల్లలకు టోపీ అల్లిపెట్టమని వచ్చేవాళ్ళు. అమ్మ సన్నటి ఊలు తెప్పించి రెండు పోగులు కలిపి పట్టుకొని అల్లేది. లావుపాటి పోగు ఒకటి కన్నా సన్నవి రెండు కలిస్తే ఒంటికి మెత్తగా ఉంటుందనేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మిద్దెమెట్ల నీడలో కూర్చుంటే, పక్కింటి శెట్టిగారి పెద్దకూతురు వచ్చి పక్కనే చేరేది. నేను అక్కా అని పిలిచింది ఆమెనే. అమ్మ చేతిని చూస్తూ చూస్తూ ఆమె కూడా నేర్చుకుంది.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. వంకాయ రంగు ఊలు తెప్పించి ఒక స్వెట్టరు మొదలుపెట్టింది. ఎవరికని నేను అడగలేదు. ఇంట్లో పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే కదా, అడగాల్సిన పనేముందనుకున్నాను. వెనక భాగం పూర్తయింది. ముందు భాగం సగానికి వచ్చింది. చెల్లెలు పుట్టిన తొమ్మిదో రోజున అమ్మ జ్వరంతో చనిపోయింది.

స్వెట్టరు సూదులతో సహా ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఎవరూ లేనప్పుడు మూత తీసి చూసుకునేవాణ్ణి. కుట్లన్నీ బిగువుగా, ఒకే తీరుగా ఉండేవి. చివరి వరస మాత్రం మధ్యలో ఆగిపోయి ఉండేది. బిడ్డ ఏడ్చిందో, పాలు పొంగాయో, ఇప్పుడే వస్తానని లేచి ఉంటుంది. వేలితో కుట్లు తడుముకుంటూ వెళ్ళి అక్కడ ఆగేవాణ్ణి.

చలి మొదలైంది. నాలుగు నెలల చెల్లెలికి దగ్గు పట్టుకుంది. ఒకరోజు మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, పెట్టె తీసి స్వెట్టరు చేతిలో పట్టుకుంది. "ఇది ఇప్పేసి బిడ్డకేమన్నా అల్లిచ్చప్పా. పసిది సలికి దగ్గుతాంటే పెట్టెలో పెట్టుకోని పూజ సేస్తామా?" అంది.

మరుసటి పొద్దున నేను దాన్ని చంకలో పెట్టుకొని మిద్దె మీదికి పరుగెత్తాను. పైన ఎండబోసిన బుడ్డల కుప్పలో, అదే వేరుశనక్కాయల కుప్పలో, దాచేయాలని నా ఎత్తు. తొందరలో సూది జారి ఎక్కడో పడిపోయింది. పోగు కింద తలుపు గడియకు తగులుకుంది. నేను చూసుకోలేదు. మెట్టెక్కిన కొద్దీ ఒక్కో వరస ఊడిపోతూ వచ్చింది. పైకి చేరి వెనక్కి తిరిగి చూస్తే, మెట్ల పొడవునా వంకరటింకరగా వంకాయ రంగు పోగు పరుచుకొని ఉంది. నాలుగు వేళ్ళ మేర అమ్మ అల్లింది లేదు. ఎవరో ఇప్పేస్తారని ఎత్తుకొచ్చినవాణ్ణి నేనే ఇప్పేశాను.

ఒక్క అడుగు వేస్తే ఇంకో వరస పోతుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

పక్క మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తున్న అక్క చూసింది. "కదలొద్దురా! ఆడనే ఉండు!" అని కేకేసి, పిట్టగోడ దాటి వచ్చింది. జడలోంచి పిన్ను తీసి, నోళ్ళు తెరుచుకొని ఉన్న కుట్లను ఒక్కొక్కటిగా పట్టుకుంది. "ఏమిరా, ఎవురో కత్తెత్తుకోని ఎంటబడినట్ల ఉరికినావు?" అంది. జేజి మాట చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. కుట్లు ఎక్కిస్తూనే ఉంది. ముక్కు ఎగబీల్చడం మాత్రం వినపడింది.

ఇప్పే పని లేదని, తానే పూర్తి చేస్తానని అక్క మా నాయనకు చెప్పింది. కానీ అమ్మ మిగిల్చిన ఊలు పిడికెడు ఉండ. చాలదు. నాయన కర్నూలు వెళ్ళి అంగడతనికి పాత ఊలు చుట్టకున్న చీటీ చూపించి, అదే కంపెనీ, అదే నంబరు ఊలు తెచ్చాడు. ఇంట్లో చూస్తే ఒకేలా ఉంది. మిద్దె మీద ఎండలో పెడితే కొత్తది ఎర్రగా తిరిగింది. ఒక తడవ రంగేసిన ఊలు ఇంకో తడవ వేసినదానితో ఎప్పటికీ కలవదని నాకేం తెలుసు? "ఇది అమ్మది కాదు" అని విసిరికొట్టాను. ఉండ బుడ్డల్లో పడి దొర్లింది. నాయన దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకొని, అంటుకున్న పొట్టు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు. చేతిలో ఊలు శుభ్రమైపోయాక కూడా ఏరుతూనే ఉన్నాడు. మా నాయన ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఆ ఏరడం చూశాను.

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పాత పోగు, కొత్త పోగు నేల మీద పక్కపక్కన పెట్టింది. "కొట్లాడుకుంటాండాయి గదా?" అంది. అవునన్నాను. తరవాత రెండింటినీ కలిపి నా చూపుడువేలికి పది చుట్లు చుట్టింది. "చెయ్యి దూరంగా పెట్టి చూడు. ఇప్పుడు చెప్పు, ఏది మీయమ్మది?"

చెప్పలేకపోయాను. రెండూ పోయి మూడో రంగు వచ్చింది. నేరేడుపండు నలిపితే వచ్చే రంగు.

"మీయమ్మ ఊలు రెండు పోగులూ పెడితే సగానికే అయిపోతాది. ఒక పోగు ఆమెది, ఒక పోగు కొత్తది పెట్టుకుంటా పోతే శానా దూరం వస్తాదిరా."

అలాగే అల్లింది. మిగిలిన ముందు భాగం, పక్కలకు చెరొక పట్టీ, కింద జానెడు, చేతులు, అన్నింట్లోనూ ఒక పోగు అమ్మది పోయింది. అమ్మ చెయ్యి బిగువు, అక్కది వదులు. అందుకని ఒక నంబరు సన్నటి సూదులు పట్టుకొని, పళ్ళు బిగించి మరీ అల్లింది. మెడ దగ్గర నా చేతికి సూదులిచ్చింది. నా చిల్లు అక్కడే పడింది. ఇప్పేయమని ఏడ్చాను. "ఉండనీలే. నీదీ ఒకటి ఉండాల గదా" అని దాటేసింది. జేజి ఆ చలికాలమంతా చెల్లెల్ని నాయన పాత పంచెల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. నేను స్వెట్టరు తొడుక్కొని బడికి వెళ్ళాను. నాలుగు చలికాలాలు తొడుక్కున్నాను.

అమ్మ ముఖం నాకిప్పుడు సరిగా గుర్తు లేదు. ఫొటో లేదు. మిగిలింది బహు కొంచెం. వంగి నా నెత్తిన నూనె రుద్దేటప్పుడు గాజులు చెవికి తగిలిన చప్పుడు, ఊలు లెక్కపెడుతూ పెదవులు కదిలించడం, అంతే. ఆ కొంచెం ఒంటరిగా తీసి పెట్టుకుంటే ఒక్క పూటకే అయిపోతుంది. అందుకే నా పిల్లలకు తల దువ్వినప్పుడు కొంత, మా ఇంటిది బియ్యం ఏరుతూ పెదవులు కదిలించినప్పుడు కొంత, ఒక్కో పోగుగా కలుపుకుంటూ వచ్చాను. ఈ వయసుకు కూడా అయిపోలేదు. అది అక్క చలవే.

ఇంతవరకూ రాసి, కర్నూలు నుంచి వచ్చిన మా చెల్లెలికి చదివి వినిపించాను. ఆమెకూ అరవై దాటాయి. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"జేజి ఇప్పమని యాడ చెప్పిందన్నా? ముగించి బిడ్డకెయ్యమన్నది. నేను నీళ్ళోసుకున్నప్పుడు అక్కే చెప్పింది నాకు. అమ్మ దాన్ని మొదలుపెట్టింది పుట్టబోయే బిడ్డకు. నువ్వు పడి పొర్లాడి ఏడిస్తే, పక్కలకు పట్టీలేసి నీ కొలతకు సాగదీసినారు. ఊలు సాల్లేదని రాసినావే, నీకు సాల్లేదు. నాకైతే ఇంకా మిగిలేది."