ఫైబర్ రాడ్డుకు పావు చుట్టు

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ చూస్తాను. నట్టు, బోల్టు, బేరింగు, ఏది కావాలన్నా నా కిటికీ దగ్గరికే రావాలి. దానివల్ల వచ్చిన పొగరు నాకు కొంచెం ఎక్కువే ఉండేది. అది ఎలా దిగిందో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా దగ్గర ఇనుప సామాన్లను యాసిడ్ తొట్లలో ముంచి కడుగుతారు. తొట్లలోంచి లేచే ఆవిరిని పీల్చే పెద్ద గొట్టం పైకప్పు దూలాలకు మరలున్న రాడ్లతో వేలాడుతుంది. ఇనుప రాడ్లు వేస్తే ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలేవి. స్టెయిన్‌లెస్ స్టీలు వేశాం, దానికీ గుంటలు పడ్డాయి. అప్పుడు నేను నాలుగు కేటలాగులు తిరగేసి ఫైబర్‌గ్లాస్ రాడ్లు ఎంచాను. తుప్పు పట్టవు, ఎత్తితే బరువే తెలియదు, కరెంటు పారదు. మేనేజరు నలుగురి ముందు నా భుజం తట్టాడు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

వాటిని బిగించాల్సింది మా ఫిట్టర్. పెద్దముడియం దగ్గరి పల్లెలో గొర్రెలు కాచుకునే ఇంటివాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి మామా అనేవాణ్ణి. చదువు రాదు గానీ చేతికి పేరుంది. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నాడు, ఆ ఏడాది పర్మనెంటు చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. నట్టు బిగిసిన తర్వాత కూడా పానా మీద ఒళ్లంతా మోపి చివరగా ఒక పట్టు పట్టడం అతని అలవాటు. "సంతకం రానోనికి ఇదే సంతకమప్పా" అనేవాడు.

రాడ్లు వచ్చిన రోజు క్యాంటీన్లో ఒకదాన్ని అందరి ముందూ తిప్పి చూశాడు.

"ఏందప్పా, ఇంత తేలిగ్గా ఉండాది. మా గొర్రెల దొడ్డికి తడిక కట్టుకోను శానా బాగుంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండిపోయింది.

రాడ్లతో పాటు డబ్బాలో ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. నేను పూర్తిగా చదివాను. ఈ రాడ్డు లాగుడుకు గట్టిదే గానీ దాని మరలు ఇనుప మరలంత ఓర్చుకోలేవు. నట్టును ముందు వేళ్లతో బిగించి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు మాత్రమే తిప్పాలి. అంతకు మించితే మరలు లోపల నలుగుతాయి, పైకి కనపడదు. ఇదంతా అతనికి చదివి వినిపిస్తే ఐదు నిమిషాల పని. నేను కాగితాన్ని మడిచి నా టేబుల్ సొరుగులో పెట్టాను. ఫైలుకు కావాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి రోషం. తడిక అన్నవాడు తానే తెలుసుకోనీ అనుకున్నాను.

రేపు నా మీదికి మాట రాకుండా, సామాను ఇచ్చేటప్పుడు మాత్రం "మామా, మరీ గట్టిగా బిగించొద్దు" అన్నాను.

"వదులుగా ఇడిస్తే ఊడి పడ్తాది. అప్పుడు నన్నే గదప్పా అడిగేది?" అన్నాడు.

ఆ చేతికి "మరీ గట్టిగా" అంటే ఎంతో నాకు బాగా తెలుసు.

రెండు నెలలకు గొట్టం ఒక పక్క జారి తొట్టి మీద పడింది. భోజనాల వేళ కాబట్టి కింద ఎవరూ లేరు. ఊడిన రాడ్ల చివర మరలు పిండి అయిపోయి ఉన్నాయి. మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు.

"గట్టిగా బిగించొద్దని చెప్పావా?" అని నన్ను అడిగాడు.

"చెప్పాను సార్."

తర్వాత ఫిట్టర్ వైపు తిరిగాడు. అతను నన్నొకసారి చూసి, "చెప్పినాడు సార్. నేనే ఇనలేదు" అన్నాడు.

ఆ మాటతో అతని పర్మనెంటు పోయింది. నెలాఖరుకు ఉన్న పనీ పోయింది. కాగితం నా సొరుగులోనే ఉండిపోయింది.

తర్వాత ఆ కాగితాన్ని తెలుగులో రాసి తొట్ల దగ్గర గోడకు అంటించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. మేనేజరు అది చూసి మళ్లీ భుజం తట్టాడు. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది, విదిలించుకోలేదు. కొత్త ఫిట్టర్ ఆ కాగితం ప్రకారమే బిగించాడు. రాడ్లు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. నా ఎంపికలో తప్పేమీ లేదు, కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లికని పులివెందులకు పోతే, బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే అంగట్లో అతను కనిపించాడు. అక్కడ కూలికి చేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపి టీ తెప్పించాడు. తప్పించుకునే దారి కోసం నేను చూస్తుంటే అతను పానా పక్కన పెట్టాడు.

"అప్పా, ఒకటి అడుగుతా. ఆ రాడ్డుకు నిజంగా ఎంత బిగించాల? శానా దినాలు ఆలోచన చేసినా, తెలీలా."

అక్కడున్న బోల్టొకటి తీసుకుని, నట్టును వేళ్లతో బిగించి, అతని పానాతో పావు చుట్టు తిప్పి చూపించాను. అతను దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇంతేనా? ఇది చూపించింటే ఇట్లే బిగించిందును గదప్పా."

"అప్పుడు నాకూ తెలీదు మామా" అన్నాను.

అతను బోల్టు నా చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే అప్పా. ఇద్దరికీ తెలీకపాయ."