మిద్దె మీద చిటికెడు నల్లమన్ను

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో రైలెక్కి ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాను. ఆకుకూరల బుట్టతో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "మాదీ తెలుగే నాయనా. ఇంట్లో మాత్రం మాట్లాడుతాం," అంది.

ఈ కూర ఏ పొలంలోదని అడిగాను.

"పొలం యాడిది? మిద్ది మీదిది. పైపులు నిలబెట్టి, తూట్లు పొడిచి వేసినాం."

హైదరాబాదులో అలాంటి నిలువు తోటే మూసిన గదిలో పెట్టి, దీపాలకూ ఏసీకీ అయ్యే కరెంటు భరించలేక మూసేసినవాణ్ణి నేను. మీకెలా కుదిరిందన్నాను.

"మొదట మా చేని నల్లమన్నే నింపినాం. మన బూమిని వదలకూడదని మా ఇంటాయన పట్టు. అది నీళ్లు తాగి బరువెక్కి, అంతా ఒరిగి పడె. మళ్లా టెంకాయ పొట్టు నింపినాం." ఒక తోటకూర మొక్క వేరు తిప్పి చూపించింది. పొట్టు నడుమ చిటికెడు నల్లమన్ను. "తూటుకింత వేస్తాం. ఆయన మాటా ఉండాల కదా."

ఈ సేద్యం ఊరికంతా తిండి పెడుతుందా అన్నాను.

"వడ్లు రావు, సజ్జలు రావు. కూర వస్తుంది. వాన కోసం ఆకాశం చూడకుండా నేను కోసిన మొదటి పంట ఇది."

సాత్తూరు దాటేసరికి రైలుపెట్టెలోని ఆడవాళ్లు కూరంతా కొని బుట్ట ఖాళీ చేసేశారు. అయినా విరుదునగర్ రాగానే ఆమె లేచింది. అమ్మడానికేమీ మిగల్లేదు కదా, ఎక్కడికన్నాను.

"మా చెల్లెలి మిద్ది ఊరికే ఎండుతుండాది. పైపులు నిలబెట్టి వస్తా."

నా టికెట్టు మదురై దాకా ఉంది. ఆమె వెనకే దిగాను.