వదిన మధ్యాహ్నపు వేట

ముప్పై రెండేళ్లుగా కుట్టుమిషనును అంటిపెట్టుకున్న మనిషికి సముద్రమంటే ఎందుకంత పిచ్చో ఎవరికీ తెలియదు. పన్నెండున్నర కొట్టగానే ఆ దర్జీ తన కొట్టు షట్టరు సగానికి దించుతుంది, "రెండింటికి వస్తాను" అని రాసిన అట్టముక్క తగిలిస్తుంది, గాలం కర్ర భుజాన వేసుకుని రేవుకు పరుగు తీస్తుంది. మూడేళ్లలో ఒక్క చేపా పడలేదు. పరుగు మాత్రం తగ్గలేదు.

పడవ మరిదిది. నోరూ అతనిదే. ఆ రోజు తెడ్లు వేస్తూనే మొదలుపెట్టాడు.

"వదినా, నువ్వు ఎరగా వేసిన రొయ్యలు మేసి ఇక్కడి చేపలన్నీ ఒళ్లు చేశాయి. ఇవాళ కూడా పడలేదనుకో, ఆ కర్ర నాకిచ్చెయ్యాలి. పందెం!"

"పడితే?"

"పడవలోకి వస్తే చాలు. జన్మలో నిన్ను వెక్కిరించను."

"సరే" అనేసింది. అన్నాక గానీ తట్టలేదు. కర్ర పోతే మధ్యాహ్నాలన్నీ మళ్లీ కొట్టు వెనకగదిలో, ఇస్త్రీపెట్టె పక్కన, గోడకేసి చూస్తూ అన్నం తినడమే.

ఒంటిగంట దాటింది. "ఇక వెనక్కి తిప్పనా?" అని మరిది తెడ్డు ఎత్తాడో లేదో, కర్ర విల్లులా వంగింది.

"అమ్మో! పడిందిరా!"

"లాగకు! వదులు! కాదు కాదు, లాగు!"

"ఏదో ఒకటి చెప్పి ఏడువు!"

మూరెడు చేప తళతళలాడుతూ పడవ అంచు దాటి లోపల వేలాడింది. ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు. పడవలో నేలెక్కడుంది గనక! ఎడమచేత్తో దారం బిగించి పట్టుకుంది. కుడిచెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కుట్టు అయిపోగానే దారం తెంపడం ముప్పై రెండేళ్ల అలవాటు మరి. మెడలో వేలాడే చిన్న కత్తెర టక్కుమంది.

చేప మరిది చెంప ఛెళ్లుమనిపించి, అటువైపు నీళ్లలోకి పోయింది.

ఇద్దరూ నోళ్లు తెరిచారు. తర్వాత అతను విరగబడి నవ్వాడు. "చేతికొచ్చినదాన్ని కత్తిరించేశావా! కర్ర ఇలా తే వదినా. చేపేదీ?"

ఇవ్వబోయి ఆగిపోయిందామె. "చెంప తడుముకో."

తడుముకున్నాడు. చొక్కా గుండీ అంత పొలుసు వేలికి అంటుకుంది.

"పడవలోకి రాకుండానే కొట్టిందా నిన్ను?"

అతను పొలుసును చూశాడు. వదినను చూశాడు. వెక్కిరించబోయి, మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి, టపీమని నోరు మూసుకున్నాడు. ఆ మొహం చూసి ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు అతనికీ అంటుకుంది. తెడ్లు జారిపోయి, పడవ ఉన్నచోటే గిరగిరా తిరగసాగింది.

కొట్టు ముందు బట్టల కోసం వచ్చినవాళ్లు రెండున్నర దాకా నిలబడే ఉన్నారు.