మామ ఇనుప టోపికి మచ్చల బట్ట

మా మామ, అంటే నా భార్య తండ్రి, మిలిటరీల చేసి వచ్చిన మనిషి. నేను గోదావరిఖనిల బొగ్గుబాయిలకు దిగెటోన్ని. పెండ్లయిన కాడికెల్లి ఆయనకు నా పని లెక్కలకే రాదు. "మాది ఎదురుంగ నిలవడి కొట్లాడే పని. మీది బొక్కల జొర్రే పని" అంటడు. అదీ నేను అన్నం తినేటప్పుడే అంటడు. ఏం జెయ్యాలె, పిల్లనిచ్చినాయన. మింగుడే.

జెండా పండుగకు గ్రౌండుల పాత సైనికులకు శాలువలు కప్పుతమని కబురొచ్చింది. మామ పెట్టెలకెల్లి తన పాత ఇనుప టోపి తీసిండు. దాని మీదుండే ఆకుపచ్చ మచ్చల బట్ట చీకిపోయి, ముట్టుకుంటే పొడిపొడి అయింది. "బోడి టోపితోని నేను రాను. పరువు పోతది" అని మంచమెక్కి గోడదిక్కు తిరిగిండు. నా భార్య మొఖం చిన్నవోయింది. "నేను కుడ్త మామా" అన్న. నా నోరు ఊకుంటదా!

గసొంటి బట్ట ఏడ దొరుకుతది? మార్కెట్ల తిరిగి తిరిగి మిలిటరీ మచ్చల నైటు ప్యాంటు ఒకటి కొన్న. మొదటి షిఫ్టు దిగొచ్చి కుట్టు మిషిను ముంగట కూసున్న. ప్యాంటు కాళ్లు కోసేసి, కోసిన దిక్కు గుండ్రంగ కుట్టి మూసేసిన. టోపి లోపలి తోలు పట్టీ ఊడదీసి, బట్ట అంచు లోపలికి మలిచి, పట్టీ మళ్ల బిగిచ్చిన. నడుము కాడి నాడ అంచుకు సరిగ్గ కుదిరింది. గుంజి ముడేసిన. ఒక్క ముడత లేదు! నాకు నేనే శభాష్ అనుకున్న.

ఇగ ఆఖరుకు ఏం జేసిన్నో వినుండ్రి. టోపి చేతులవట్టుకొని ముంగట చూస్తే, మా బాయి టోపిలకు లైటు తగిలిచ్చే జాగ బట్టతోని మూసుకపోయింది. అరె, అనుకొని కత్తెర తీసుకొని టక్కున చిన్న పూరీ అంత కోసి పారేసిన. ఇరవయ్యేండ్ల సంది బాయిలకు దిగుతున్న చెయ్యి, నన్ను అడిగితె గద!

నా భార్య నెత్తి కొట్టుకున్నది. "బాపుకు లైటు పెడ్తవా? గా బట్ట కట్టుకునేదే దుష్మన్‌కు కనవడకుండ!"

మామ లేచొచ్చి టోపి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. బొక్కల వేలు పెట్టిండు. "అతుకేస్త మామా, ప్యాంటు కాళ్లు ఇంకా ఉన్నయి" అన్న. ప్యాంటు అనంగనే ఆయనకు ఇంకింత కాలింది. "నా నెత్తికి లాగు తొడిగినవా!" అని టోపి గుంజుకొని అర్రలకు పోయి తలుపేసుకున్నడు. నా వల్ల ముసలాయన శాలువ పోయెనని నాకు మస్తు బాధయింది.

తెల్లారి చూస్తే మామ పతకాలు పెట్టుకొని, బూట్లు తుడుసుకొని తయారుగున్నడు. నెత్తిమీద అదే టోపి, ముంగట అదే బొక్క. అడిగే ధైర్యం ఎవ్వలికున్నది?

గ్రౌండుల శాలువ కప్పిన సారు వంగి టోపి దిక్కు చూసిండు. "ఇదేంది పెద్దాయనా, తూటా తగిలిందా?" అనడిగిండు మైకులనే. అవునంటే అయిపోతుండె. ఎవ్వలికి తెలుస్తది?

"లేదు సార్. మా అల్లుడు కోసిండు. బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆళ్లు నెత్తికి ఏది పెట్టినా ముందుగల దీపానికి జాగ చూస్తరు" అన్నడు మామ.

జనమంత పక్కున నవ్విండ్రు. రోజూ భూమిల జొర్రేటోన్నే గని, ఆ గడియ జొర్రాలనిపిచ్చినంత ఎన్నడు అనిపియ్యలే. మామ మాత్రం నవ్వలే. మైకు దగ్గరికి గుంజుకున్నడు.

"నవ్వకుండ్రి. గా దీపం మీదనే నా బిడ్డ ఇంట్ల పొయ్యి వెలుగుతున్నది."

నాకు ఏడుపాగలే.