తెల్లచీరల శుక్రవారం

ఒక పాత సినిమాను అక్కా నేనూ ఫోన్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అందులో అమ్మాయి ఇంట్లో ఎవరిష్టం వాళ్లది. దర్జాగా బతికే అబ్బాయి అమ్మానాన్నలు చెప్పిన రోజుకంటే ముందే వచ్చిపడతారు. అంతా గందరగోళం, నవ్వులు, చివరికి పెళ్లి. అక్కకు ఆ ఇల్లంటే పిచ్చి. మాది మెథడిస్టు క్రైస్తవుల ఇల్లు. తను ఇష్టపడింది బోధన్‌లో బట్టల దుకాణం నడిపే ముస్లింల అబ్బాయిని. బాపు ఏడాదిపాటు మూతి ముడుచుకుని, ఆఖరికి "ఈస్టర్ నాడు రమ్మను" అన్నాడు.

వాళ్లు గుడ్ ఫ్రైడే నాడే వచ్చారు. జుమ్మా నమాజు అయ్యాక, అబ్బాయి తల్లీ తండ్రీ. అమ్మా అవ్వా అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచీరల్లో, ఏడ్చిన కళ్లతో లోపల కూర్చున్నారు. ఉపవాసం కాబట్టి పొయ్యి వెలగలేదు. బాపూ అక్కా ఇంకా చర్చిలోనే ఉన్నారు. తలుపు తీసింది నేను.

అబ్బాయి తల్లి లోపలికి తొంగిచూసి, "ఎవరు పోయిండ్రు బేటీ?" అంది మెల్లగా.

నాకు సినిమా గుర్తొచ్చింది. ఒక్క నిమిషం ఆటపట్టిద్దామని "మా అవ్వ" అన్నాను. ఆమె నా తలమీద చెయ్యిపెట్టి ఏడ్చేసింది. ఆటకన్నానని చెప్పడానికి భయమేసింది. చావింట్లో పెళ్లి మాట ఎత్తకూడదని వాళ్లు గడప తొక్కకుండానే వెళ్లిపోయారు.

పొయ్యి వెలగని ఇంటికి అన్నం పంపడం వాళ్ల మర్యాద. సాయంత్రం అబ్బాయి తండ్రే ఖిచిడీ గిన్నె తెచ్చాడు. అందుకున్నది అవ్వే. ఆమె ఎవరో తెలిశాక ఆయన మొహం మాడిపోయింది.

"బతికున్న మనిషిని సంపి మమ్మల్ని ఎల్లగొడ్తరా? గంత తేలికైనమా మేము?"

ఆయన వెళ్లాక అక్క అడిగింది, అవ్వ పోయిందని వాళ్లకు ఎవరు చెప్పారని. బాపు నా వైపు చూశాడు. చూసి, "నేనే సెప్పమన్న" అన్నాడు.

అక్క నమ్మింది. నేను ఊరుకున్నాను, పిరికిదాన్ని. ఆ అబ్బాయికి వేరేచోట పెళ్లయింది. అక్క నర్సు ఉద్యోగానికి నిజామాబాద్ పోయి, బాపుతో మాట్లాడటం మానేసింది. "అక్క ఫోన్ చేసిందా?" అని ఆయన నన్నే అడిగేవాడు. తలుపు చప్పుడైతే చాలు, "మా అవ్వ" అన్న నా గొంతే నాకు వినిపించేది. ఇప్పటికీ వినిపిస్తుంది. బాపును పూడ్చిన రోజు కూడా అక్క సమాధుల తోట గేటు దగ్గరే నిలబడింది.

పోయిన నెల నిజామాబాద్‌లో తన వంటింట్లో కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. అక్క పొయ్యి ఆర్పింది.

"బాపు ఉన్నప్పుడు సెప్పొద్దా?" అంది.