పచ్చి పనస

తుఫానుకు పెరట్లోని పనసచెట్టు వంటింటి మీద పడి అమ్మ పోయింది. దాన్ని నరికి కాల్చేయమని అందరూ అన్నారు. నేనూ అన్నాను. నాన్న పని చెక్కగిన్నెలు తొలిచి, అంచుల మీద లతలు చెక్కడం. పెద్దకర్మ కాగానే ఆ మానునే కోసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కలపను ఏడాదైనా నీడలో ఆరబెట్టందే ఉలి పట్టని మనిషి ఆయన. ఎండాకాలం రాగానే ఆ మానుతో తొలిచిన గిన్నెలన్నీ ఒక్కొక్కటే టప్పుమని పగిలాయి. పాలకొల్లు నుంచి వచ్చిన షాపాయన ఒక్కటీ ముట్టుకోలేదు.

"పచ్చి కలప పగులుతుందని నీకు తెలీదా నాన్నా?" అని అరిచాను.

"తెలుసమ్మా," అన్నాడు ఉలి దించకుండానే. "అది ఆరేదాకా ఈ చేతుల్ని ఏం చేసుకోను?"