తూము తియ్యని పొద్దు

మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పనిలో ఉన్నంతసేపూ దాని బరువు తెలీదు. మా అక్క ఎదురుగా కూర్చుంటే మాత్రం తలెత్తలేను.

డెబ్బైల చివర్లో మాట. పెందుర్తి అవతల ఒక ఆసామికి చేపల చెరువులుండేవి. మా బావ, అంటే మా అక్క మొగుడు, వాటిని చూసుకునేవాడు. నన్నూ అక్కడే పనిలో పెట్టించాడు. పెంచేది బంగారుతీగ చేపలు. బురదలో మూతి పెట్టి తవ్వుకు తింటాయి గనక ఆ నీళ్లెప్పుడూ కలకగానే ఉండేవి. వాటిలో ఒక రకమంటే బావకి ప్రాణం. మామూలు బంగారుతీగకి ఒళ్లంతా పొలుసులే. దీనికి మాత్రం వీపు వెంట, పక్కల ఒక వరసలో, పెద్ద పెద్ద పొలుసులు కొన్నే ఉంటాయి. మిగతా ఒళ్లు తోలులా నున్నగా ఉంటుంది. ఎండ పడితే ఆ పొలుసులు మెరిసేవి. బావ వాటిని అద్దం చేపలనేవాడు. ఏటేటా పిల్లల్లో వీపు ఎత్తుగా ఉన్నవీ, పొలుసుల వరస తిన్నగా ఉన్నవీ ఏరి ఉంచుకుని, మిగతావి అమ్మకానికి వదిలేసేవాడు. ఆరేళ్లు అలా ఏరగా నలభై తల్లి చేపలు మిగిలాయి. వాగులో చేప మనిషి నీడ పడితేనే పారిపోతుంది కదా. ఇవి బావ చప్పట్లు కొడితే గట్టుకొచ్చి, అరచేతిలో తవుడు తినేవి. నాకు నవ్వొచ్చేది. నవ్వేనా? అసూయ కూడా ఉందేమో. నేను పిలిస్తే ఒక్కటీ వచ్చేది కాదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో అక్కకి జ్వరం తగ్గలేదు. బావ తనని పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాల్సొచ్చింది. నీళ్లలో మేత పెరగాలని ముందు రోజే తల్లి చేపల చెరువులో పేడ వేశాడు. ఎప్పుడూ వేసేంతే. ఇంతలో మబ్బు పట్టింది. ఎండ లేకపోతే పేడ వేసిన నీళ్లలో చేపలకి గాలి చాలదు. తెల్లారగానే వెళ్లి చూడమనీ, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే పై చెరువు తూము తీసి కొత్తనీళ్లు వదలమనీ నాకు మరీమరీ చెప్పి వెళ్లాడు.

వెళ్లాను. చూశాను. నలభై చేపలూ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ చప్పుడు విన్నాను. తెలీక చేశానని చెప్పుకోడానికి లేదు.

ఆ పొద్దునే గాజువాకలో ఫ్యాక్టరీ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారు. ముందెళ్లినవాళ్లకే పని. తూము తీసి వెళ్లిపోవచ్చు కదా అని మీరడగొచ్చు. కొత్తనీళ్లు తగిలితే ఈ చేపలు ఎదురెక్కుతాయి, నీళ్లొచ్చే కాలవలోకి దూకి పోతాయి. వల అడ్డం కట్టి, గంటో రెండు గంటలో పక్కనే నిలబడాలి. ఇదివరకు కూడా ఇలా పైకొచ్చాయి, ఎండ రాగానే సర్దుకున్నాయి, ఇవాళా సర్దుకుంటాయిలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక సైకిలెక్కడానికి ఒక సాకు కావాల్సొచ్చిందా?

పని దొరికింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలి ఉన్నాయి. అప్పుడు తీశాను తూము. చచ్చిన చేపల మీదికి కొత్తనీళ్లు వదిలాను, కాలవ తడిగా కనిపించాలని. పొద్దున తియ్యకపోవడం ఒక తప్పయితే, అప్పుడు తియ్యడం అంతకంటే పెద్ద తప్పు.

సాయంత్రం బావ వచ్చాడు. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఒక చేపని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు.

"తూము తీసినావేట్రా?"

"తెల్లారగానే తీసినాను బావా."

"నీల్లొదిలినా సచ్చిపోనాయా? అయితే పేడ నానే ఎక్కువేసీసినానేట్రా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. నోరు తెరిచాను కూడా.

"ఔను బావా. ఎక్కువే పడినట్టుంది."

నమ్మాడు. ఆసామి అడగకముందే తప్పు తనదేనని ఒప్పుకుని పని మానేశాడు. తర్వాత ఆ గాజువాక ఫ్యాక్టరీలోనే కట్టుబడి పనుల్లో సిమెంటు మోశాడు. నేను అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనిఫారంలో నిలబడి, ఆయన లోపలికొస్తుంటే పేరు రాసుకునేవాణ్ణి.

ఎనభైల్లో ఎవరో కొత్తగా చెరువు తవ్వించి, చేపలు పెంచిపెట్టమని బావని బతిమాలారు. నేను పక్కనే ఉన్నాను.

"నా సెయ్యి మంచిది కాదు బాబూ. ఇంకెవుల్నైనా సూసుకోండి" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. ఒక్క మాట చెబితే ఆయన మళ్లీ చెరువులో దిగేవాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత రెండేళ్లకి కామెర్లొచ్చి పోయాడు.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. బావ మాటొస్తే, "మంచోడే గానీ ఆ ఒక్క తప్పు సేసీసినాడు" అంటుంది. నా ముందే అంటుంది. నేను కంచంలోకి చూసుకుంటాను. చెబితే ఈ వయసులో ఆవిడ తట్టుకోలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది ప్రేమా? కాదు, భయం. అక్కకి చెప్పను. చెప్పలేనని నాకు తెలుసు. మిమ్మల్ని క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు.

బావ పేడ ఎక్కువ వెయ్యలేదు. తెల్లారగానే తూము నేను తియ్యలేదు. ఈ రెండు మాటలూ ఒకచోట రాయడం నాకిదే మొదటిసారి.